కథలో పండగ రాసే ముందు: తిరుపతి, చిత్తూరు వైపు ఎలా తెలుసుకోవాలి

"గంగజాతర మీద నవల మొదలుపెట్టాను, వివరాలు ఎక్కడ దొరుకుతాయి?" "బ్రహ్మోత్సవాల్లో వాళ్ళిద్దరూ కలుసుకోవాలి, ఏ రోజు పెడితే బాగుంటుంది?" కొత్తగా రాస్తున్నవాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగేవి ఇవే. నిజానికి వివరాలు దొరక్క చెడిపోయే కథలు తక్కువ. నాలుగు ఊళ్ళ వివరాలు తెచ్చి ఒకే ఊరికి అంటగట్టడం వల్ల చెడిపోయేవే ఎక్కువ. గోదావరి కోడిపందెం, తెలంగాణ బోనం, సినిమాలో చూసిన జాతర, మూడూ కలిపి దానికి తిరుపతి అని పేరు పెడితే ఇక్కడివాళ్ళు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తారు. పండగ ఒక ఊరిది, ఒక ఏడాదిది, ఒక ఇంటిది. కింద చెప్పే పద్ధతి ఆ మూడింటినీ పట్టుకోవడానికే.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్సిలు (గుంపులో చెమట చేతులతో పెన్ను అలుక్కుపోతుంది). మీ కథ జరిగే ఏడాది గంటల పంచాంగం. ఆ ఊరి వీధుల పటం, చేత్తో గీసుకున్నదైనా చాలు. మాట రికార్డు చేసుకోవడానికి ఫోను. అన్నిటికన్నా ముఖ్యం, ముగ్గురు మనుషులు: ఆ పండగ ఇంట్లో చేసే పెద్దావిడ, గుడిలోనో వేషంలోనో పని ఉన్న ఒకరు, ఆ నాలుగు రోజులూ వీధిలో అమ్ముకునే ఒకరు. మూడోవాళ్ళను చాలామంది వదిలేస్తారు. టెంకాయలమ్మే ఆమెకు జనం ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పలచబడతారో, వాన పడితే ఏమవుతుందో పూజారికన్నా బాగా తెలుసు.

సమయం: పండగకు కనీసం పదిహేను రోజుల ముందు ఒకసారి, పండగ రోజు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి.

1. ఊరు, ఏడు, ఇల్లు రాసిపెట్టుకోండి

నోటుపుస్తకం మొదటి పేజీలో మూడే మాటలు. ఏ ఊరు? ఏ సంవత్సరం? ఎవరి ఇంటి గుమ్మంలోంచి చూస్తున్నాం?

ఊరు ఎందుకంటే, గ్రామదేవత గంగమ్మ పేరు ఒకటే అయినా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వేరు, చిత్తూరు నడివీధి గంగమ్మ జాతర వేరు, కుప్పం గంగమ్మ జాతర వేరు. ఒకచోట చూసింది ఇంకోచోట రాయకండి.

ఏడు ఎందుకంటే, గుళ్ళూ జిల్లాలూ మారుతూ ఉంటాయి. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 1995లో జరిగే కథలో పాత్ర "తిరుపతి జిల్లా" అనకూడదు, అప్పుడది చిత్తూరు జిల్లా. శ్రీకాళహస్తి పెద్ద గాలిగోపురం 2010 మే నెలలో కూలిపోయింది, కొత్తది 2017లో లేచింది. 2013 శివరాత్రికి వచ్చిన పాత్ర గోపురం కింద నీడలో కూర్చుంటే తప్పే. తిరుమలలో వైకుంఠద్వారం పది రోజులు తెరిచి ఉంచడం 2020 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే. 2020లో బ్రహ్మోత్సవాలు గుడి లోపలే ఏకాంతంగా చేశారు. ఆ ఏడు మాడవీధిలో గరుడసేవ చూశానని ఎవరైనా చెబితే, ఆ పాత్ర అబద్ధమాడుతున్నట్టు లెక్క.

ఇల్లు ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాం.

2. తేదీ తేల్చుకోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పండగలు ఒకే లెక్కతో రావు. నాలుగు రకాలున్నాయి, మీది ఏదో ముందు చూసుకోండి.

తిథిని బట్టి వచ్చేవి: ఉగాది, వినాయకచవితి, దీపావళి, శివరాత్రి. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. తిథి ఒక రోజు మధ్యాహ్నం మొదలై మర్నాడు మధ్యాహ్నం ముగియొచ్చు. చవితికి మధ్యాహ్నం ఉన్న తిథి కావాలి, శివరాత్రికి అర్ధరాత్రి ఉన్నది కావాలి. అందుకే రెండు పంచాంగాలు రెండు రోజులు చూపినప్పుడు కంగారుపడకండి. ఆ ఏడు ఆ గుడి ఏ రోజు చేసిందో పాత దినపత్రికలో చూసి అదే వాడండి.

సూర్యుడిని బట్టి వచ్చేవి: సంక్రాంతి. సరిహద్దు మండలాల్లో తమిళ నెలలు కూడా నడుస్తాయి కాబట్టి మురుగన్‌కు మోసే ఆడికృత్తిక కావళ్ళు, వెంకన్నకు చేసే పెరటాసి శనివారాలు ఈ లెక్కలోవే. పెరటాసి అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా. చిత్తూరు వైపు కథలో పెరటాసి మాటే రాకపోతే, రాసినవాళ్ళు ఇంటింటా ఏం జరుగుతుందో చూడలేదని తెలిసిపోతుంది.

వారాన్ని బట్టి వచ్చేవి: తిరుపతి గంగజాతర. మే నెలలో, మంగళవారం నుంచి మంగళవారం దాకా.

నెలవంకను బట్టి వచ్చేవి: రంజాన్, బక్రీద్, పీర్ల పండగ. ఇవి ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. రంజాన్ పండగ 2000లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చింది. పాత్ర చిన్నతనంలో రంజాన్ ఎండాకాలంలో వచ్చిందని రాశారంటే, ఆ పాత్ర పుట్టిన ఏడాదితో సరిచూసుకోండి.

అధికమాసం పడ్డ ఏడు తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, ఏటా జరిగే సాలకట్ల ఒకటి, ఆ ఏడు అదనంగా వచ్చే నవరాత్రి ఒకటి. 2015, 2018, 2020, 2023 అలాంటివే. నవరాత్రి బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం ఉండదు. కథలో ధ్వజారోహణం కావాలనుకుంటే సాలకట్లనే ఎంచుకోండి.

తనిఖీ: చంద్రుడిని అడగండి. దీపావళి రాత్రి చంద్రుడు ఉండడు. శివరాత్రి జాగారంలో తెల్లవారబోయే ముందు సన్నటి రేఖ కనిపిస్తే కనిపించవచ్చు, అంతే. చవితినాటి నెలవంక రాత్రి చాలా ముందే అస్తమిస్తుంది, అర్ధరాత్రి దాన్ని చూసి నీలాపనింద పాలవడం కుదరదు. సంక్రాంతికి, గంగజాతరకు చంద్రుడు ఏ కళలోనైనా ఉండొచ్చు, కాబట్టి ఆ ఏటి పంచాంగం చూడకుండా వెన్నెల రాయవద్దు. వెన్నెల వాక్యాలు రాయడం అందరికీ ఇష్టం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

3. వరస రాసుకోండి

పండగలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒక పట్టీగా రాయండి. రోజు, పూట, ఎక్కడ, ఎవరు చేస్తారు, చేతిలో ఏముంది: ఐదు గడులు. తిరుపతి గంగజాతర పట్టీ ఇలా మొదలవుతుంది.

మంగళవారం రాత్రి చాటింపు. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదన్నది కట్టుబాటు. కథకు ఇంతకన్నా మంచి ముడి దొరకదు, అయినా చాలామంది దీన్ని వాడుకోరు. బుధవారం బైరాగి వేషం, ఒంటినిండా నామకొమ్ము (తెల్లసుద్ద) పూత. గురువారం బండ వేషం, ఒంటికి కుంకుమ. ఈ రోజు నోటికొచ్చిన బూతులు తిడతారు, అది మొక్కులో భాగం. శుక్రవారం తోటి వేషం, ఒంటికి బొగ్గు, వేపమండలు. శనివారం దొర వేషం, గంధం పూత. ఆదివారం మాతంగి వేషం, మగవాళ్ళు చీర కట్టుకుంటారు. సోమవారం సున్నపు కుండలు. మంగళవారం జాతర. ఆ రాత్రి గడిచి తెల్లవారేలోపు అమ్మవారి మట్టి విశ్వరూపం, ఆ మట్టిరూపం చెంప నరకడం, ఆ మట్టిని ప్రసాదంగా పంచడం. ఇళ్ళలో ఆ మట్టిని దాచుకుంటారు.

వేషాల వెనక కథ తెలియకపోతే వరస కలగాపులగం అవుతుంది. ఆడపిల్లలను చెరపట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషంతో వెతుకుతుంది. దొర వచ్చాడనుకుని అతను బయటికి వస్తాడు, అప్పుడు తల తెగుతుంది. మాతంగి వేషంలో వెళ్ళి అతని భార్యను ఓదారుస్తుంది. అంటే శనివారానికి ముందు ఊరు ఆగ్రహంతో ఉంటుంది, ఆదివారానికి ఆ ఆగ్రహం మారుతుంది. మీ పాత్ర పగ తీర్చుకునే రోజు ఆదివారం పెట్టారా? మళ్ళీ ఆలోచించండి.

హెచ్చరిక: అమ్మవారి వేషాలు కట్టే బాధ్యత తరతరాలుగా కైకాల కుటుంబానిది. మొక్కుకున్నవాళ్ళు కూడా వేషాలు కడతారు, కానీ ఇద్దరి పనీ ఒకటి కాదు. ఎవరో ఒక కుర్రాడు సరదాగా దొర వేషం కట్టి పాలెగాడి తల నరికే ఘట్టం జరిపించాడని రాయకూడదు. కథలో ఆ బాధ్యత ఉన్న మనిషికి చెడ్డపని అంటగట్టాలనుకుంటే ఊరినీ దేవతనూ కల్పించుకోండి. బతికున్న కుటుంబం మీద వేయకండి.

ఇలాంటి పట్టీయే బ్రహ్మోత్సవాలకూ వేయాలి. మొదటి రోజు రాత్రి పెద్దశేషం, ఐదోరోజు పొద్దున మోహినీ అవతారం, రాత్రి గరుడసేవ, ఎనిమిదోరోజు రథం, తొమ్మిదోరోజు చక్రస్నానం. ఊరేగేది ఉత్సవమూర్తి మలయప్పస్వామి, గర్భగుడిలోని మూలమూర్తి కదలడు. గరుడవాహనం మీద స్వామి ఒక్కడే ఉంటాడు, శ్రీదేవి భూదేవులు పక్కన ఉండరు. ఇవి రెండూ తప్పు రాసినవి అచ్చులో కూడా కనబడుతుంటాయి.

4. మనుషులను అడగండి

పండగ రోజు ఇంట్లో ఆడవాళ్ళను ప్రశ్నలు అడగకండి. పొయ్యి మీద పొంగలి ఉండగా మీకు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ముందో తర్వాతో, మధ్యాహ్నం వంటపని అయ్యాక, పండ్లో పూలో పట్టుకుని వెళ్ళండి. పెద్దమ్మా, అక్కా, అన్నా అని పిలవండి. "సార్, మేడం" అంటే వాళ్ళు పరీక్ష రాస్తున్నట్టు జవాబులు చెబుతారు. రికార్డు చేసే ముందు అడగండి, వద్దంటే ఫోను సంచిలో పెట్టేయండి.

"ఏం చేస్తారు?" అని అడిగితే చేయాల్సింది చెబుతారు. "నిరుడు ఏం చేశారు?" అని అడిగితే చేసింది చెబుతారు. మీకు కావాల్సింది రెండోదే. పనికొచ్చే ప్రశ్నలు ఇంకొన్ని: పొద్దున లేచి మొట్టమొదట ముట్టుకునేది ఏది? ఈ ఇంట్లో ఎవరు ఏ పని చేయకూడదు? ఏది తప్పిపోతే పెద్దవాళ్ళు ఊరుకోరు? ఎంత ఖర్చయింది, ఎవరిచ్చారు? మిగిలింది ఏం చేశారు? ఎవరైనా పోయిన ఏడు పండగ ఎట్లా చేశారు?

అన్నిటికన్నా మంచి ప్రశ్న: "మీ పుట్టింట్లో కూడా ఇట్లాగే చేస్తారా?" దీనికి జవాబు పది నిమిషాలకు తక్కువ ఉండదు. పుట్టిల్లు చిత్తూరు, మెట్టినిల్లు తిరుపతి అయితే రెండు పద్ధతులూ పక్కపక్కన వస్తాయి, వాటి మధ్య అత్తాకోడళ్ళ కథ దానంతట అదే వస్తుంది. ఇంటి గుమ్మం ముందే తేల్చుకోమన్నది ఇందుకే. ఒకే వీధిలో ఒకరు ఏట కోస్తారు, పక్కింటివాళ్ళు గుమ్మడికాయ కొడతారు. నామం పెట్టే ఇంటికీ విభూతి పెట్టే ఇంటికీ శివరాత్రి ఒకటి కాదు.

"ఎందుకు చేస్తారు?" అని మాత్రం చివర అడగండి. ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, ఎక్కడో విన్న వేదాంతం చెప్పి పంపిస్తాడు.

హెచ్చరిక: మాతమ్మ కొలుపుల గురించి రాసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆడపిల్లలను దేవతకు వదిలే ఆచారాన్ని మన రాష్ట్రంలో 1988 చట్టం నిషేధించింది. అందులో నలిగిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ జీవితాన్ని కథకు రంగు కోసం వాడుకోకండి. పేర్లు, ఊరు, గుర్తుపట్టే ఆనవాళ్ళు అన్నీ మార్చండి. రాసింది వాళ్ళకు చదివి వినిపించే ధైర్యం లేకపోతే ఆ భాగం రాయకండి.

5. వెళ్ళి చూడండి

గంటకు ఒకసారి ఐదు సంగతులు రాయండి: వాసన, చప్పుడు, కాలి కింద ఏముంది, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిల్చున్నారు. మే నెల తిరుపతి ఎండలో తారురోడ్డు మీద చెప్పుల్లేని కాళ్ళు ఎలా ఉంటాయో ఫోటోలో కనబడదు. వేపాకు వాడిపోయే కొద్దీ వాసన మారుతుంది. మర్నాడు పొద్దున ఊడ్చేవాళ్ళ చీపుర్ల ముందు ఏం పోగుపడిందో చూడండి, పండగంతా అందులో ఉంటుంది.

తిరుమల గుడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కాబట్టి బయటికి రాగానే ఒక మెట్టు మీద కూర్చుని రాసుకోవాలి. పూనకం వచ్చినవాళ్ళను, నాలుకకు శూలం గుచ్చుకున్నవాళ్ళను ముఖం కనబడేలా ఫోటో తీయకండి.

కొండమీద తలలో పూలు పెట్టుకోరు, పూలన్నీ స్వామివే. నాయిక జడలో మల్లెపూలు తిరుమల మాడవీధిలో వాసన కొట్టాయంటే ఆ కథ మీద నమ్మకం అక్కడితో పోయింది. అలిపిరి కిందికి దించి రాసుకోండి, ఏ ఇబ్బందీ లేదు.

6. మాట పట్టుకోండి

ఇక్కడివాళ్ళు ఏమంటారో అదే రాయాలి. గంగజాతరలో మొక్కున్నవాళ్ళు తలమీద మోసేవి సప్పరాలు. అమ్మవారికి ఇచ్చేది సారె. ధర్మరాజుల గుళ్ళలో భారతం జరిగేటప్పుడు అర్జునుడు ఎక్కేది తపస్సు మాను, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో దాని కింద సాగిలపడతారు. మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ తొడ పగలగొట్టాక అగ్నిగుండం తొక్కుతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పాఠకుడికి తెలియని మాట వచ్చినప్పుడు పక్కన అర్థం రాయకండి, ఆ వస్తువును ఎవరి చేతిలోనైనా పెట్టి పని చేయించండి. సప్పరం బరువుకు మెడ నొప్పెట్టిందంటే అది ఏమిటో సగం అర్థమైపోతుంది.

కనుమ రోజు చంద్రగిరి వైపు కథ అయితే కోడిపందెం కాదు, పశువుల పండగ. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే కుర్రాళ్ళు వాటిని లాక్కునే పోటీ అది. పల్లెల్లో ఆ సాయంత్రం పశువుల దేవుడు కాటమరాజు దగ్గర చిట్లాకుప్ప అనే కంపల కుప్ప కాల్చి పశువులను దాని పక్కగా తోలడం ఉంది. మీరు ఎంచుకున్న ఊళ్ళో అది ఇప్పటికీ జరుగుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అన్నది అడిగి తెలుసుకోండి. ఆగిపోయి ఉంటే అదీ కథకు పనికొచ్చేదే.

7. రాయండి, ఎక్కువ భాగం వదిలేయండి

నోటుపుస్తకంలో ఉన్నదాంట్లో పదోవంతు కథలోకి వస్తే చాలు. ఏది ఉంచాలో ఇలా తేల్చుకోండి: మీ పాత్రకు ఆ రోజు ఏది కనబడుతుంది? పదేళ్ళ పిల్లకు బండ వేషం బూతులు కొత్త, పాలెగాడి కథ సగమే తెలుసు. అరవై ఏళ్ళ ఆమెకు కథ గురించి ఆలోచనే లేదు, అంబలి చాలుతుందో లేదో చూసుకుంటోంది. తమ ఊరి పండగ గురించి ఒకరికొకరు పాఠం చెప్పుకునే సంభాషణ కనబడితే కొట్టేయండి. "నీకు తెలుసు కదా, మన గంగమ్మ స్వామికి చెల్లెలు" అని తిరుపతిలో పుట్టినవాడు తిరుపతిలో పుట్టినవాడికి చెప్పడు.

వెళ్ళలేనివాళ్ళకు

దూరంలో ఉంటే తిరుమల వాహనసేవలు దేవస్థానం వారి టీవీ ఛానెల్ ఎస్వీబీసీ ప్రసారంలో చూడొచ్చు, వరసకు అది చాలు. వాసనకు, కాలి వేడికి మాత్రం చాలదు, ఆ ఊరి మనిషితో ఫోనులో రెండు గంటలు మాట్లాడాలి. పండగ దాటిపోయి ఉంటే మళ్ళీ ఏడాది ఆగడం మంచిది. ఆగలేకపోతే కథను పండగ మర్నాడు మొదలుపెట్టండి. ఊరినే కల్పించుకుంటే స్వేచ్ఛ ఉంటుంది, కానీ అక్కడి కట్టుబాట్లు మొదట రాసుకుని చివరిదాకా వాటికి కట్టుబడాలి. కల్పిత ఊరికి కాణిపాకం, శ్రీకాళహస్తి ఆనవాళ్ళు తగిలించవద్దు.

సరిచూసుకోవడం

రాసింది ముగ్గురికి గట్టిగా చదివి వినిపించండి. మొదట ఆ పండగ చేసే ఇంటివాళ్ళకు. వాళ్ళు "మా దగ్గర అట్లా కాదు" అంటే తప్పు అన్నమాట. "మా ఇంట్లో అట్లా కాదు గానీ ఫలానా వాళ్ళింట్లో చేస్తారు" అంటే సరిగ్గానే ఉంది, మీ పాత్ర ఇల్లు ఏదో మరోసారి చూసుకోండి. వాళ్ళు ఏమీ అనకుండా వాళ్ళ పండగ చెప్పడం మొదలుపెడితే వాక్యాలు ముట్టుకోకండి. రెండోది, ఆ ఊరిలోనే ఉండి ఆ పండగ చేయని వాళ్ళకు. పక్క వీధి మస్తాన్ దుకాణం జాతర రోజు తెరిచి ఉంటుందా లేదా వాళ్ళే చెబుతారు. మూడోది, ఈ జిల్లా ఎప్పుడూ చూడనివాళ్ళకు. వాళ్ళు ఎక్కడ "అంటే ఏమిటి?" అని ఆపుతారో అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. మూడు కన్నా ఎక్కువసార్లు ఆపితే మాటలు ఎక్కువయ్యాయి. ఒక్కసారీ ఆపకపోతే అది ఏ ఊరి పండగైనా కావచ్చు, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి ఆ మూడు మాటలు చూడండి.